గాలి కన్ను

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే వదిలేశాను. షార్జాలో నేను పనిచేసిన అల్యూమినియం వర్క్‌షాపులో, ఒక కటింగ్ లిస్టులో, ఏడో వరుసలో, ఒక అక్షరాన్ని కావాలని మార్చాను. పొరపాటు కాదు. మార్చే ముందు ఎవరైనా ఉన్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా. దానికి శిక్ష పడింది నాకు కాదు, మా ఉస్తాద్‌కి.

నిన్న నాన్నతో కొత్త ఫ్లాట్ చూడటానికి వెళ్లకపోతే ఇదంతా రాసేదాన్ని కాదేమో. నాన్న వంటింట్లో కొళాయిలు తిప్పి చూస్తున్నారు. నేను పడకగదిలోకి వెళ్లి తలుపు మూసి, గది మధ్యలో కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తలుపు తెరుచుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"గాలి వస్తుందేమోనని."

"ఏసీ ఉండగా గాలెందుకే నీకు?"

వెనక వాచ్‌మన్ నవ్వాడు. నాకు మాత్రం అప్పుడే తట్టింది. అలా తలుపు మూసి, కళ్లు మూసుకుని నిలబడటం నా అలవాటు కాదు. ఉస్తాద్‌ది.

ఆయన పేరు నాకు తెలుసు. జీతాల కాగితాల్లో చూశాను. కానీ ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు వర్క్‌షాపులో లేరు. బెంగాలీలు, పఠాన్లు, మలయాళీలు అందరికీ ఆయన ఉస్తాదే. జగిత్యాల వైపు మనిషి, వడ్రంగుల ఇంట పుట్టారు. టేకు తలుపులు చేసిన చేతులతో ఇక్కడికొచ్చి అల్యూమినియం పట్టుకున్నారు. నేను చేరిన 2005 నాటికి కోత పని మీద పెద్దరికమూ, సైట్లకు వెళ్లి కిటికీల కొలతలు తెచ్చే పనీ రెండూ ఆయనవే. ఆయన తెచ్చిన అంకెల్ని కంప్యూటర్లో ఎక్కించి, ఏ ముక్క ఎంత పొడవు కొయ్యాలో లిస్టు తీసివ్వడం నా పని.

ఆయన కుడి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలుండేది. ఆ పెన్సిలు కోసమే రోజుకు నాలుగుసార్లు జేబులు తడుముకునేవారు. చెవి మీదే ఉందని చెప్పాలని నాకు ప్రాణం కొట్టుకునేది. నోరు పెగిలేది కాదు. చేరిన రెండో నెలలో ఒకరోజు ఉండబట్టలేక నా చెవి మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన పెన్సిలు తీసుకుని నా వంక చూసి, "చెయ్యి లేపినవ్. ఇగ నోరు లేపుడే తక్వ" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

గది కొలవడానికి వెళ్తే మొదట టేపు తీసేవారు కాదు. తలుపు మూయించేవారు. సంచిలోంచి అగరుబత్తి తీసి వెలిగించి, గది నడిమధ్య పట్టుకుని నిలబడేవారు. పొగ ఎటు వంగుతుందో చూసేవారు. తరవాత కళ్లు మూసుకుని ఇంకో నిమిషం. ఆ తరవాతే జానతో ఒకసారి, టేపుతో రెండుసార్లు కొలిచేవారు. "టేపు అబద్ధం చెప్తది. పొగ చెప్పది" అనేవారు. కస్టమర్లలో కొందరు ఆయన పూజ చేస్తున్నారనుకుని చెప్పులు విప్పి నిలబడేవారట.

అన్నీ మంచి గుణాలేనని చెప్పను. తన కొలత తప్పిందంటే ఒప్పుకునేవారు కాదు. ఒకసారి ఫ్రేము సెంటీమీటరు పెద్దదై గోడలో పట్టలేదు. సైటు నుంచి ఫోను వస్తే, "నా కొలత సరిగనే ఉన్నది. గోడ తప్పు" అన్నారు. ఫ్రేము కోయనివ్వలేదు. తానే ఉలి పట్టుకెళ్లి గోడ చెక్కి వచ్చారు. అద్దాలు కోసే బెంగాలీ మీద రోజుకొకసారైనా అరిచేవారు. మెచ్చుకోవడమనేది ఆయనకు తెలియదు. పని బాగుంటే ఏమీ అనరు, అదే మెప్పు.

ఆయన దగ్గర ప్లాస్టిక్ కవరులో భద్రం చేసిన చిన్న కాగితం ఒకటి ఉండేది. కొత్తగా చేరినవాళ్లందరికీ అది చూపించాల్సిందే. రెండోసారి, మూడోసారి చూపించినా ఓపిగ్గా చూడాల్సిందే. నాకు మొదటిసారి చూపించిన రోజు అన్నం వేళ. టిఫిన్ డబ్బా మూత తీయబోతుంటే కాగితం తెచ్చి నా కీబోర్డు మీద పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో మాట, నడుమ ఒక నిలువు గీతతో రెండు ముక్కలు చేసి ఉంది.

"సదువు."

చదివాను. మనసులో.

"బయటికి సదువు బిడ్డా."

"విండ్... ఔగె."

"నార్వే మాట. పదేండ్ల కింద ఒక విల్లాల కిడికిలు రిపేరుకు పోయిన. నార్వే ముసలామె ఉండె. మొగడు ఓడల ఇంజనీరు. ఆమెకు హిందీ రాదు, నాకొచ్చిన ఇంగ్లీషు నీకెర్కే. అయినా పొద్దందాక ముచ్చట పెట్టింది. దీన్ని మీ భాషల ఏమంటరని అడిగింది. కిడికి అన్న. అంటే అర్థమేంది అన్నది. అర్థమేముంటది, కిడికి అంటే కిడికే అన్న. నవ్వింది. మా అమ్మమ్మ ఊర్ల దీన్ని ఇట్లంటరని రాసిచ్చింది. విండ్ అంటే గాలి. ఔగె అంటే కన్ను."

గాలి కన్ను. నేను డబ్బా మూత పట్టుకునే ఉండిపోయాను.

"వెనకట వాళ్ల ఇండ్లల్ల గోడలకు కిడికిలే లేవట. మంచు దేశం గదా. ఇంటి నడిమిట్ల పొయ్యి. పొయ్యికి సరిగ్గ మీద కప్పుకు ఒక బొక్క. పొగ అండ్లకెళ్లి పోవాలె, వెలుగు అండ్లకెళ్లే రావాలె. ఆ బొక్కకు పెట్టిన పేరు ఇది. అద్దం గిద్దం తర్వాత వచ్చినయి. ఇంగ్లీషోళ్ల విండో గూడ ఈ మాటనే. వాళ్లు అడుక్కపోయిన్రు."

ఆ మధ్యాహ్నం మా మేనేజరు బయటికి వెళ్లినప్పుడు ఆఫీసు కంప్యూటర్లో వెతికి చూశాను. ముసలామె చెప్పింది నిజమే. వెయ్యేళ్ల నాటి పాత భాషలో కూడా ఆ మాట గాలి, కన్ను అనే రెండు ముక్కలతోనే ఉంది. నార్వేలో కొన్ని ఊళ్లలో ఇప్పటికీ నిండుగా అలాగే పలుకుతారు. పట్నాలవాళ్ల నోట్లో మాత్రం అది అరిగి అరిగి 'విండు' అయిపోయింది. గాలి మిగిలింది, కన్ను ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఇది ఉస్తాద్‌కి చెప్పడానికి నాకు ఒక రోజంతా పట్టింది. విని ఆయన గట్టిగా నిట్టూర్చారు, దగ్గరి బంధువు పోయిన సంగతి విన్నట్టు.

"ఒకటి సూడు బిడ్డా. కన్ను ఎవరిది? మనది గాదు. మనం బయటికి సూసుకుందామని పెట్టింది గాదది. గాలిది. గాలి లోపటికి తొంగి సూస్తది, ఈ ఇంట్ల మనుషులెట్లున్నరని. మరి అద్దం బిగిచ్చి సందులల్ల సిలికాన్ జిగురు కొడితే ఎట్ల సూస్తది? అది కిడికి గాదు. ఫొటోకు కట్టిన ఫ్రేము."

దుబాయ్, షార్జాల్లో తెరుచుకోని అద్దాలు ఎక్కువ. దుమ్ము, ఎండ, ఏసీ చల్లదనం బయటికి పోకూడదన్న లెక్క. వాటిని మేం ఫిక్స్‌డ్ అనేవాళ్లం. ఆయన ఏ ఆర్డరు వచ్చినా ముందు, "ఎన్ని కండ్లు తెరుస్తయి?" అని అడిగేవారు. గదికి ఒక్కటైనా తెరుచుకోవాలని ప్రతి కస్టమరుతోనూ పేచీ పెట్టుకునేవారు. సగం మంది ఆయన్ని వదిలించుకోవడానికే ఒప్పుకునేవారు.

ఇంట్లో బట్టల అడుగున దాచుకున్న నా పాత నిఘంటువు తీశాను. అమ్మకు తెలిస్తే, అంత బరువు ఊరి నుంచి మోసుకొచ్చావా అంటుందని దాని సంగతి చెప్పలేదు. గవాక్షం అంటే ఆవు కన్ను. వాతాయనం అంటే గాలి నడిచే దారి. మన దగ్గర కన్ను ఒక మాటలో, గాలి ఒక మాటలో విడివిడిగా ఉన్నాయి. అక్కడ మంచులో ఎవరో రెంటినీ ఒకటి చేశారు. ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. ఉస్తాద్‌కి నోటితో చెప్పలేక, చీటీ మీద రాసి మర్నాటి లిస్టు మధ్యలో పెట్టాను. ఆయన కోత ఆపి, గ్లవ్స్ కూడా తీయకుండా ఆఫీసులోకి వచ్చేశారు.

"ఆవు కన్నా?"

తలూపాను.

"ఆవు కన్నుకు రెప్ప ఉంటది గద."

అంతే అని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి తెరుచుకునే కిటికీ పలకను ఆయన రెప్ప అనే పిలిచారు. పఠాన్ల చేత కూడా అనిపించారు.

మరుసటి ఏడు రాస్ అల్ ఖైమాలో పన్నెండు పాత విల్లాలకు ఇనప కిటికీలు తీసేసి అల్యూమినియంవి పెట్టే పని వచ్చింది. కొలతలు రాసుకునే మనిషి సెలవులో ఉన్నాడు. ఉస్తాద్ తానే మా నాన్నకు ఫోను చేసి, "పొద్దుగూకక ముందే తోలుకొస్త సార్" అని మాట ఇచ్చి నన్ను పికప్‌లో తీసుకెళ్లారు.

మొదటి విల్లాలో హాలు, పడకగదులు అయ్యాక వంటింటి పక్కన పనిమనిషి గదికి వచ్చాం. ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ మన మనిషే. రాజోలు దగ్గర ఊరట. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేస్తున్న బట్టలు పక్కకు పెట్టి మాకు చోటిచ్చింది. మంచం, ఇస్త్రీ బల్ల, పైన ఫ్యాను, ఏసీ లేదు. వెనక సందులోకి ఒక చిన్న ఇనప కిటికీ ఉంది కానీ, పెయింటు మీద పెయింటు వేసి ఎన్నేళ్ల కిందటో మూసుకుపోయింది. ఉస్తాద్ తలుపు మూసి అగరుబత్తి వెలిగించారు.

"ఏటండీ, గదిలో దేవుడు లేడండి. అగరొత్తి ఎవరికండి?" అందావిడ.

"గాలికమ్మా."

"అదీ లేదండి."

నిజంగానే లేదు. పొగ దారం వేలాడదీసినట్టు నిటారుగా లేచింది. పైన విప్పుకుని అక్కడే నిలబడింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం.

"ఎట్ల పండుకుంటవమ్మా ఈడ?" అన్నారు ఉస్తాద్.

ఆవిడ జవాబు ఆయనకు చెప్పలేదు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. "తలుపేసుకుంటే ఊపిరాడదమ్మా. తీసుకుంటే నిద్రపట్టదు. ఇంటినిండా మగాళ్లు. నీకు చెప్పాలా?"

నాకు చెప్పక్కర్లేదు. తల వంచుకుని కొలతలు రాసుకున్నాను. ఆవిడ ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చి పంపింది.

ఆఫీసుకొచ్చి డ్రాయింగు తీస్తే, ఏడో నంబరు వేసిన ఆ చిన్న కిటికీ పన్నెండు విల్లాల్లోనూ ఫిక్స్‌డ్ అని ఉంది. వెనక సందు దుమ్మట. ఉస్తాద్ నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లారు. వర్క్‌షాపులో మేనేజరుని ముదీర్ అంటారు. తలుపు తెరిచే ఉంది, అన్నీ వినిపిస్తున్నాయి.

"సార్, ఆ ఏడో నంబరు తెరిచేటట్టు చేద్దాం."

"డ్రాయింగు అప్రూవ్ అయింది ఉస్తాద్. కన్సల్టెంటు సంతకం పెట్టాడు. ఖలాస్."

"మనుషులు పండుకునే గది సార్ అది."

"నువ్వు కార్పెంటరువా, డాక్టరువా?"

ఉస్తాద్ బయటికి వచ్చారు. పెన్సిలు కోసం జేబులు తడుముకున్నారు. దొరకలేదు. నేను చెవి చూపించినా ఆయన నా వైపు చూడలేదు. కొలతల కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మా లిస్టులో ఫిక్స్‌డ్ అయితే 'ఎఫ్', తెరుచుకునేదైతే 'ఓ'. ఏడో వరుసలో ఎఫ్ కొట్టాను. ఆ పొగ కళ్ల ముందు అలాగే నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూశాను. ఎఫ్ తీసేసి ఓ కొట్టాను. పక్కన పన్నెండు అని ఉంది. ప్రింటు తీసి కోత బల్ల మీద పెట్టి వచ్చాను. నా జీవితంలో ఎవరి మాటకూ అడ్డు చెప్పినదాన్ని కాదు. ఆ ఒక్క పనీ నోరు తెరవకుండా చేయగలిగేది కాబట్టి చేశానేమో.

గాజు తలుపులోంచి చూస్తున్నాను. ఉస్తాద్ లిస్టు పైనుంచి కిందికి చదివారు. మళ్లీ పైకి వెళ్లి ఒకచోట ఆగారు. తల ఎత్తి ఆఫీసు వైపు చూడలేదు. లిస్టును బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా దాని మీద టేపు పెట్టి, మిషను ఆన్ చేశారు.

కిటికీలు వెళ్లాయి, బిగించారు. నెల దాటాక కన్సల్టెంటు చూడటానికి వచ్చి డ్రాయింగుకూ గోడకూ తేడా పట్టుకున్నాడు. ముదీర్ లిస్టు చేత్తో పట్టుకుని ఆఫీసు మధ్యలో నిలబడ్డాడు. ఉస్తాద్‌ని పిలిపించాడు.

"ఎవరు మార్చారిది?"

నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

"నేనే టైపు చేయమన్న సార్," అన్నారు ఉస్తాద్. "ఆ పిల్లకేం తెల్సు? ఉస్తాద్ చెప్పిండంటే చేసింది."

"నేను వద్దన్నాక కూడానా?"

"అవ్ సార్. వద్దన్నంక గూడ."

కూర్చోమని ఎవరూ చెప్పకుండానే నేను కూర్చున్నాను. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ మరుపు రాదు. కొలతల పని నుంచి ఆయన్ని తీసేశారు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఉన్న మా కంపెనీ గోడౌనుకు, అద్దాలు లారీల్లోకి ఎక్కించే పనికి పంపారు. పన్నెండు కిటికీలకూ హ్యాండిళ్లు ఊడదీసి సిలికాన్ కొట్టమని వేరేవాళ్లను పురమాయించారు.

వాళ్లు చివరి విల్లా నుంచి మొదలుపెట్టి నాలుగిళ్లు మూసేశారు. ఐదో ఇంటి దగ్గర ఆపేశారు. ఎందుకంటే అప్పటికి మొదటి విల్లాలోని రాజోలు ఆవిడ తన మేడంకి చెప్పిందట. ఆ మేడం మిగతా ఇళ్ల ఆడవాళ్లకు ఫోన్లు చేసిందట. మా ఇంటి కిటికీ ముట్టుకోవద్దని ఒక్కొక్కరే గుమ్మంలోనే నిలబడి చెప్పారట. ఇళ్లవాళ్లే అలా అన్నాక కన్సల్టెంటు కూడా ఊరుకున్నాడు. ఎనిమిది మిగిలాయి. పోయిన నాలుగింటిని మళ్లీ తెరిపించే ధైర్యం నాకు లేకపోయింది. అవి ఎవరి గదులో, అక్కడ ఎవరు పడుకుంటున్నారో నాకు తెలియదు.

ఉస్తాద్ వెళ్లే రోజు ముసఫ్ఫా బస్సు పొద్దున ఏడింటికి. నేను ఆరున్నరకే వచ్చాను. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లె వేసుకున్నాను. ఆయన గేటు దగ్గర ఫ్లాస్కు మూతలో సులేమాని చాయ్ తాగుతున్నారు. బెంగాలీ ఆయన పెట్టె మోసుకొచ్చి పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఏడుస్తవేందిరా, ఇగ నిన్ను తిట్టెటోడు లేడని నవ్వాలె గాని" అంటున్నారు ఆయన.

"ఉస్తాద్," అన్నాను. "ఆ లిస్టు... నేనే..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. డ్రైవరు యల్లా యల్లా అంటూ హారన్ కొట్టాడు. ఆయన మిగిలిన చాయ్ పారబోసి, ఫ్లాస్కు మూత బిగించి, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నా వైపు తిరిగారు. ఇప్పుడేమైనా తిడతారేమో అనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను.

"లిస్టు సూడంగనే తెల్సింది నాకు. అప్పటికప్పుడు దొరకక స్టోర్ల పడున్న నాసిరకం మడతబందులే ఏసిన ఆ పన్నెండింటికి. అదొక్కటే మనసుల గుచ్చుకుంటున్నది. మళ్ల గిట్లాంటి పని చేసేటప్పుడు ఒక్క దినం ముందుగాల చెప్పు బిడ్డా. మంచియి తెప్పిస్త."